మూడేళ్లు వాడాక చెబుతున్నా: థర్మాకోల్ ఇంక్యుబేటర్‌లో కౌజు పిల్లలు గుడ్డులోనే ఎందుకు చనిపోయాయి

మాది శ్రీకాకుళం దగ్గర ఆమదాలవలస. నా దగ్గరున్నది థర్మాకోల్ పెట్టె ఇంక్యుబేటర్. లోపల రెండు బల్బులు, ఒక చిన్న ఫ్యాను, తేమ కోసం నీళ్లు పోసే రెండు కాలువలు, మూత మీద వేడి, తేమ చూపించే మీటర్లు, గుడ్లు తిప్పే ట్రే. కౌజు గుడ్ల కోసమే కొన్నాను, మూడేళ్లుగా నడుస్తోంది. ఇప్పుడు నలభై గుడ్లు పెడితే ముప్పైకి తగ్గకుండా పిల్లలొస్తున్నాయి. కానీ మొదటి ఏడాది పడిన బాధ మామూలుది కాదు. మొదటిసారి 30 గుడ్లకు 9 పిల్లలు. రెండోసారి 40కి 12. మూడోసారి 36 పెడితే ఐదంటే ఐదు. ఆ రోజు పెట్టె అమ్మేద్దామనుకున్నాను.

అమ్మకుండా ఆపింది ఒక స్టీలు పళ్లెం. మూడోసారి మిగిలిపోయిన గుడ్లన్నీ పెరట్లోకి తీసుకెళ్లి, ఒక్కొక్కటీ ఆ పళ్లెంలో పగలగొట్టి చూశాను. అంతకుముందు రెండుసార్లూ ‘గుడ్లు మంచివి కావు’ అనుకుని గోతిలో పూడ్చేశాను. అలా చేయడమే నా పెద్ద పొరపాటు. 31 గుడ్లలో ఏడు ఉత్త సొన, అంటే పుంజు తొక్కని గుడ్లు. నాలుగింటిలో సన్నటి రక్తపు గీత గుండ్రంగా ఉంది, అంటే పిండం మొదటి రోజుల్లోనే చనిపోయింది. మిగతా ఇరవైలో పూర్తిగా తయారైన పిల్లలున్నాయి. ఈకలు, గోళ్లు, ముక్కు చివర గుడ్డు పగలగొట్టుకునే తెల్లటి పన్నుతో సహా అన్నీ వచ్చాయి. కానీ గుడ్డు పగలగానే జిగురు నీళ్లు కారాయి. పిల్ల ఒళ్లంతా తడి, పొట్ట ఉబ్బి ఉంది. వెడల్పు వైపు ఉండాల్సిన గాలి గది చింతగింజంత కూడా లేదు.

పిల్ల బయటికి రావడానికి ముందు ముక్కుతో ఆ గాలి గదిలోకి పొడుస్తుంది. ఊపిరితిత్తులతో మొదటి గాలి పీల్చేది అక్కడే. పొదిగే రోజుల్లో గుడ్డులోంచి నీరు ఆవిరై బరువు 11 నుంచి 13 శాతం తగ్గితేనే ఆ గది సరిపడా పెరుగుతుంది. నా గుడ్లు ఎండలేదు. పిల్లలు లోపలే మునిగిపోయాయి.

ఈ సంగతి చెప్పినప్పుడు మా అమ్మ అడిగింది: “కోడి కింద నీళ్ల గిన్నె పెడతామేటిరా? నువ్వేటి రోజూ నీళ్లు పోస్తన్నావు?” పెట్టెతో వచ్చిన కాగితంలో మొదటి రోజు నుంచే రెండు కాలువల్లోనూ నీళ్లు పోయమని ఉంది. నేను ఒక్క పూట కూడా తప్పకుండా పోశాను. ఆ కాగితం పొడి గాలి ఉన్న చోటికి సరిపోతుందేమో గానీ, మన సముద్రపు గాలికి సరిపోదు. వానాకాలంలో మా గదిలో 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉందనుకోండి. అదే గాలి పెట్టెలో 37.5కి వేడెక్కితే తేమ 52 శాతం దగ్గరకు వస్తుంది. కౌజు గుడ్లకు మొదటి రెండు వారాలూ కావాల్సింది 45 నుంచి 55. అంటే చుక్క నీరు పోయకపోయినా సరిపోతుంది! అదే పుష్యమాసం చలిలో గది 20 డిగ్రీలు, తేమ 70 ఉంటే పెట్టెలో 25 శాతమే మిగులుతుంది. అప్పుడు నీళ్లు పోయాల్సిందే. అందుకే ఎవరైనా “నీళ్లు ఎంత పోయాలి?” అని అడిగితే ముందు “ఏ నెలలో పెడుతున్నారు?” అని అడుగుతాను.

నాలుగోసారి నీళ్లు మానేశాను. 36కి 17 వచ్చాయి. సంతోషమే గానీ సగం ఇంకా పోతున్నాయి. పైగా పిల్లలు 17, 18 రోజులకు రావాల్సింది, నాకు ప్రతిసారీ 19, 20 రోజులకు వస్తున్నాయి. ఆలస్యంగా వస్తే వేడి తక్కువైందని అర్థం. మీటరు మాత్రం 37.5 చూపిస్తూనే ఉంది. జ్వరం చూసే డిజిటల్ థర్మామీటరునూ, పెట్టె సెన్సారు కొననూ కలిపి ఒకే గ్లాసు గోరువెచ్చని నీళ్లలో పెట్టి చూశాను. సెన్సారు 0.6 డిగ్రీలు ఎక్కువ చూపిస్తోంది. అంటే నా గుడ్లకు అందుతున్నది 36.9. కంట్రోలర్ సెట్టింగ్‌లో ఆ తేడా సరిచేశాను, పదిహేడో రోజు రాత్రి కిచకిచలు వినిపించాయి.

తేమ మీటరుకు ఉప్పు పరీక్ష చేశాను. సీసా మూతలో ఉప్పు వేసి, తడి ఇసుకలా అయ్యేలా కొద్దిగా నీళ్లు కలిపి, మీటరుతో పాటు గాలి చొరని ప్లాస్టిక్ కవర్లో ఒక రాత్రంతా ఉంచాలి. పొద్దున్నకు 75 చూపించాలి. నాది 63 చూపించింది. అంటే ఎప్పుడూ 12 తక్కువ చెప్పే మీటరును నమ్మి నేను నీళ్లు పోస్తూ వచ్చాను.

ఇప్పుడు మీటరు కన్నా బంగారం తూచే చిన్న కాటానే ఎక్కువ నమ్ముతున్నాను. పెట్టే రోజు పది గుడ్లు కలిపి తూస్తాను, మామూలుగా 115, 120 గ్రాములు ఉంటాయి. 118 ఉంటే పదిహేనో రోజుకు 105 దగ్గరకు రావాలి. మధ్యలో వారం రోజులకోసారి తూస్తే ఎటు పోతోందో తెలిసిపోతుంది. తగ్గడం లేదంటే నీళ్లు తీసేసి గాలి రంధ్రాలు తెరవాలి. మరీ తగ్గిపోతుంటే ఒక కాలువలో నీళ్లు పోయాలి. టార్చ్ వేసి చూడటం కౌజు గుడ్ల విషయంలో కష్టం. పెంకు మీద మచ్చల వల్ల వారం దాటే వరకు ఏమీ సరిగ్గా కనబడదు.

ట్రే గురించి చెప్పాలి. అది కోడిగుడ్డు కొలతకు చేసింది. కౌజు గుడ్లు అందులో వదులుగా ఉండి, ఒక్కోటి సన్న కొన పైకి తిరిగిపోతున్నాయి. అలా తలకిందులైన గుడ్డులో చాలాసార్లు పిల్ల ముక్కు గాలి గది వైపు రాదు. అందుకని ట్రే తీసేసి, గుడ్లు అడ్డంగా పరిచి, పెన్సిల్‌తో ఒక వైపు గీత పెట్టి రోజుకు మూడుసార్లు చేత్తో తిప్పుతున్నాను. కౌజు గుడ్ల కోసమే కొనేవాళ్లు చిన్న గుంతల ట్రే ఉందో లేదో ముందే అడగండి.

గుడ్లు తెచ్చుకునే దగ్గరా తప్పులు జరుగుతాయి. దుకాణంలో తినడానికి అమ్మే గుడ్లు పెట్టకండి, చాలా చోట్ల పెట్టల్ని పుంజు లేకుండానే పెంచుతారు. నేను విజయనగరం వైపు నుంచి బస్సులో తెచ్చుకునేవాణ్ని. కుదుపులకు గాలి గది చెదురుతుంది. తెచ్చాక ఒక రోజంతా సన్న కొన కిందికి పెట్టి కదపకుండా ఉంచితే తేడా కనిపించింది. ఇప్పుడు నాకే మూడు పెట్టలకు ఒక పుంజు చొప్పున ఉన్నాయి. ఏరిన గుడ్లను వారం లోపు, ఎండాకాలమైతే మూడు రోజుల్లోనే పెట్టేస్తాను. అంతవరకు తడి ఇసుక మీద పెట్టిన మట్టికుండలో ఉంచుతాను.

రెండో వేసవి మే నెలలో రేకుల షెడ్డులో పెట్టి ఒక దఫా మొత్తం పోగొట్టుకున్నాను. షెడ్డే 40 డిగ్రీలకు చేరితే బల్బు ఆరినా పెట్టె చల్లబడదు. కరెంటు పోయి నాలుగు గంటలు చల్లబడిన గుడ్లు దుప్పటి కప్పితే బతికాయి గానీ, వేడెక్కినవి ఒక్కటీ మిగల్లేదు. అప్పటి నుంచి పెంకుటింటి లోపలి గదిలోనే.

పదిహేనో రోజు తర్వాత గుడ్లు తిప్పను, రెండు కాలువల్లోనూ నీళ్లు పోసి తేమ 65, 70 మధ్య ఉంచుతాను. ఇక మూత తీయకూడదు. నాకు ఇదే అన్నిటికన్నా కష్టమైన పని. ఒకసారి పిల్ల చిల్లు పొడిచిందని సంబరంగా మా పాపకు చూపిద్దామని నాలుగుసార్లు మూత తీశాను. గంట తర్వాత చూస్తే చిల్లు చుట్టూ ఉన్న పొర పసుపు రంగుకు తిరిగి అప్పడంలా ఎండిపోయి, పిల్ల రెక్కకు అంటుకుపోయింది. బొటనవేలంత ప్రాణి, లోపలి నుంచి అరుస్తూనే ఉంది. తెల్లారేసరికి ఆ అరుపు ఆగిపోయింది. ఇప్పుడు మూత మీది గాజు కిటికీలోంచే చూస్తాం, పాప కూడా. పిల్లలు ఆరే వరకు లోపలే ఉంటాయి. కడుపులో పచ్చసొన ఉంటుంది కాబట్టి ఒక రోజు తిండి లేకపోయినా ఏం కాదు.

పెట్టె మాటకొస్తే, థర్మాకోల్ వేడిని బాగా నిలుపుతుంది, కరెంటు పోయినప్పుడు అదే కాపాడింది. కడగడం మాత్రం కష్టం, గరుకులో నూగు, సొన ఇరుక్కుంటాయి. ప్రతి దఫా తర్వాత బ్లీచింగ్ నీళ్లతో తుడిచి ఎండలో పెట్టకపోతే వాసన పోదు. రెండు బల్బులు, ఒక ఫ్యాను మార్చాను. ఫ్యాను ఆగితే ఒక మూల వేడి, ఒక మూల చల్లన అవుతుంది, కాబట్టి అదనపు ఫ్యాను కొని ఇంట్లో పెట్టుకోండి.

ఈ రోజు పన్నెండో రోజు. పొద్దున్నే తూశాను, 119 గ్రాములున్న పది గుడ్లు 108 దగ్గరున్నాయి. నీళ్లు పోయలేదు.