పెరటి పిల్లికి కాగితం పట్టీ: పనికొస్తుందా?

విశాఖలోని ఎంవీపీ కాలనీ లాంటి చోట ఒకే పిల్లికి రెండుమూడు ఇళ్లవాళ్లు అన్నం పెడుతుంటారు. అది ఎవరిదో తేల్చడానికి కాగితం పట్టీని మించిన చవకైన సాధనం లేదు. 2 సెంటీమీటర్ల వెడల్పు, 30 సెంటీమీటర్ల పొడవు చాలు. "ఈ పిల్లి మీదేనా?" అని రాసి, ఫోన్ నంబరు వేసి, మెడకి రెండు వేళ్లు దూరేంత వదులుగా చుట్టి చివర్లు టేపుతో అతికించాలి. టేపు జిగురు బొచ్చుకి తగలకూడదు.

కొమ్మకి చిక్కుకుంటే కాగితం చిరుగుతుంది, పిల్లికి ఉరి పడదు. అందుకే లామినేషన్ వద్దు, దారం అసలే వద్దు. విశాఖ ఉక్కపోతకి జెల్ పెన్ను సిరా అలుక్కుపోతుంది. బాల్ పెన్నే వాడండి. వానాకాలంలో మాత్రం పట్టీ దండగ.

మీద చెయ్యి వేయనివ్వని పిల్లికి బలవంతంగా కట్టకండి, కరుస్తుంది. ముందు దాని చెవులు చూడండి: ఒక చెవి కొన తిన్నగా కత్తిరించి ఉంటే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిన వీధి పిల్లి అని గుర్తు.