కుడికాలా, ఎడమకాలా: ఒక డాన్స్ ఆర్కైవ్‌తో 7 నెలలు

పేరు చెప్పను గానీ, లైబ్రరీ లాగిన్ ఉంటే వాడుకోగలిగే ఆన్‌లైన్ డాన్స్ ఆర్కైవుల్లో ఇదొకటి. పాత ఫిల్ములు, రిహార్సల్ టేపులు, నొటేషన్ స్కోర్లు (డాన్సు కదలికల్ని గుర్తులతో రాసిన కాగితాలు), ఫొటోలు, ప్రోగ్రాం పుస్తకాలు, డాన్సర్ల ఇంటర్వ్యూలు అన్నీ ఒకేచోట ఉంటాయి. 7 నెలలుగా దాదాపు రోజూ తెరుస్తున్నాను. ఐదుకి మూడున్నర ఇస్తున్నా. మొదటి నెలలో అడిగుంటే నాలుగున్నర అనేదాన్ని, ఆ ఒక్క మార్కూ ఎక్కడ పోయిందో చెప్తాను.

ముందు బాగున్న సంగతులు. వీడియో ప్లేయర్ చాలా బాగుంది. ఒక్కో ఫ్రేమూ ముందుకీ వెనక్కీ జరపొచ్చు, రెండు సెకన్ల ముక్కని లూపులో తిప్పుకుంటూ కూర్చోవచ్చు, పక్కనే స్కోరు పేజీ తెరిచి పెట్టుకోవచ్చు. కదలిక మీద పనిచేసేవాళ్ళకి ఇది ఎంత పెద్ద సదుపాయమో, మామూలు వీడియో సైట్లో ఒక గెంతుని పాజ్ కొట్టి కొట్టి చూసి విసిగిపోయినవాళ్ళకే తెలుస్తుంది. స్కోర్లు కూడా శుభ్రంగా స్కాన్ చేశారు, పెన్సిల్‌తో అంచుల్లో రాసుకున్న మాటలు సైతం చదవొచ్చు. వెతుకులాట మాత్రం అంతంతే. ఒకే రష్యన్ డాన్సర్ పేరు మూడు స్పెల్లింగుల్లో ఉంది, మూడూ కొడితే గానీ అన్నీ రావు.

ఇక అసలు గొడవ. నేను ఒక చిన్న ఫిల్ము మీద పని చేస్తున్నాను. 1930ల నాటిది, 16 ఎం.ఎం., మూగది, మొత్తం 4 నిమిషాలు. దాని కింద కేటలాగ్‌లో ఉన్న వివరం ఇంతే: నృత్య ప్రదర్శన, నలుపు తెలుపు, శబ్దం లేదు. ఎవరు తీశారు, అది ప్రదర్శనా రిహార్సలా, రీలు ఏ స్పీడులో తిప్పి డిజిటల్ చేశారు, ఏమీ లేదు. అదృష్టం కొద్దీ అదే డాన్సుకి లేబనొటేషన్ స్కోరు కూడా అక్కడే ఉంది. రుడాల్ఫ్ లాబాన్ 1928లో బయటపెట్టిన పద్ధతి ఇది. పేజీని కిందనుంచి పైకి చదవాలి, నడిమి గీతకి కుడివైపు ఉన్నదంతా శరీరం కుడిభాగం, ఎడమవైపు ఉన్నది ఎడమభాగం. గుర్తు ఎంత పొడుగుంటే కదలిక అంతసేపు. నల్లగా నింపితే కింది స్థాయి, చుక్క పెడితే మధ్య, చారలు గీస్తే పైస్థాయి. కొన్ని వారాలు కుస్తీ పడితే అలవాటవుతుంది.

స్కోరులో మొదటి అడుగు కుడికాలు. ఫిల్ములో ఎడమకాలు. రెండోదీ అంతే, మూడోదీ అంతే. నాకు వచ్చిన మొదటి అనుమానం స్కోరు రాసిన మనిషి మీదే, కళ్ళముందు ఫిల్ము ఆడుతుంటే కాగితాన్ని ఎవరు నమ్ముతారు? రెండు రోజులు ఆ ఊహ మీదే నోట్సు కూడా రాసేశాను. మూడో రోజు డాన్సర్‌ని వదిలేసి ఫ్రేము మూలలో కూర్చున్న వయొలిన్ ఆయన్ని చూశాను. కమాను ఎడమచేతిలో ఉంది. సరే, ఎడమచేతివాటం మనిషేమో అనుకుని దగ్గరికి జూమ్ చేస్తే కోటు గుండీలు కూడా తిరగబడి ఉన్నాయి, మగవాళ్ళ కోటుకి ఎడమ అంచు పైకి రావాలి కదా, ఇక్కడ కుడి అంచు పైన ఉంది. రీలుని వెనకవైపు తిప్పి స్కాన్ చేశారన్నమాట. నాలుగు నిమిషాల ఫిల్మూ అద్దంలో చూసినట్టు కుడిఎడమలైపోయింది, నేనేమో పాపం స్కోరు రాసినాయన్ని రెండు రోజులు తిట్టుకున్నాను.

అక్కడితో అయిపోలేదు. కదలికలు కాస్త గబగబా, బొమ్మలాట లాగా అనిపించాయి. ఒక గెంతు తీసుకుని ఫ్రేములు లెక్కపెట్టాను. నేల వదిలినప్పటినుంచి మళ్ళీ నేల తాకేదాకా 8 ఫ్రేములు. ఆ వీడియో సెకనుకి 24 ఫ్రేములతో నడుస్తుంది కాబట్టి అది సెకనులో మూడోవంతు. కానీ డాన్సర్ నడుము సుమారు 30 సెంటీమీటర్లు లేచింది, అంత ఎత్తు ఎగిరి దిగడానికి ఎవరికైనా దాదాపు అర సెకను పడుతుంది. భూమ్యాకర్షణకి స్టైలు తెలీదు, ఏ డాన్సర్‌కైనా ఒకటే లెక్క. అర సెకనులో 8 ఫ్రేములంటే కెమెరా తిరిగింది సెకనుకి 16 దగ్గర, ఆ కాలపు మూగ 16 ఎం.ఎం. ఫిల్ములకి మామూలు స్పీడే అది. అంటే నేను చూస్తున్నది ఒకటిన్నర రెట్లు వేగంగా. ఈ లెక్క వేయకుండా ఎవరైనా ఆ డాన్సర్ శైలి చాలా చురుకు, పదునైన అడుగు అని వ్యాసం రాసేస్తే? నేనే రాయబోయాను, నిజం చెప్పాలంటే.

అందుకే వీడియోల సంఖ్య చూసి ఏ డాన్స్ ఆర్కైవ్‌నీ మెచ్చుకోవడం మానేశాను. వీడియో కింద ఉండే ఆ నాలుగు లైన్లే ముందు చూస్తాను. ఫిల్ము ఒక్క రాత్రి జరిగిన ఒక్క ప్రదర్శనని, ఒక్క మూలనుంచి పట్టుకుంటుంది, ఆ రాత్రి డాన్సర్ తప్పు అడుగు వేసినా అదే చరిత్ర అయిపోతుంది. స్కోరులో ఏం చెయ్యాలో ఉంటుంది, ఎవరు ఎలా చేశారో ఉండదు. 1700లో ఫ్యోయే అనే ఫ్రెంచ్ డాన్స్ మాస్టర్ అచ్చువేసిన నొటేషన్ పద్ధతిలోనైతే నేలమీద నడిచే దారి పైనుంచి చూసినట్టు చక్కగా కనిపిస్తుంది, చేతుల సంగతి మాత్రం తక్కువ. మనుషుల జ్ఞాపకం ఇంకో రకం. 1912లో చేసిన తన ఫాన్ అనే బాలెని రష్యన్ బాలె డాన్సర్ నిజిన్‌స్కీ 1915లో, స్టెపనోవ్ అనే రష్యన్ నొటేషన్ పద్ధతిని తనకి తగ్గట్టు మార్చుకుని, స్వయంగా రాసిపెట్టుకున్నాడు. దాన్ని ఎలా చదవాలో చాలాకాలం ఎవరికీ అంతుపట్టలేదు. 1980ల చివర్లో యాన్ హచిన్సన్ గెస్ట్, క్లాడియా యెష్కె అనే ఇద్దరు నొటేషన్ పరిశోధకులు విప్పి చూస్తే, అప్పటిదాకా ఒకరినుంచి ఒకరు గుర్తుమీద నేర్చుకుంటూ వచ్చిన రూపానికీ కాగితం మీదున్నదానికీ చాలా తేడాలు కనిపించాయి. ఏది ఎక్కడినుంచి వచ్చిందో రాసిపెట్టకపోతే ఇలాంటి తేడాలు పట్టుకునే దారే ఉండదు.

సిబ్బంది విషయంలో మాత్రం ఒక్క మాట కూడా అనలేను. గుండీల ఫ్రేము, గెంతు లెక్క జతచేసి మెయిల్ పెట్టాను. నాలుగో రోజుకి జవాబు వచ్చింది, అదీ అచ్చుపోసిన థాంక్యూ మెయిల్ కాదు. అసలు రీలు బయటికి తీసి చూశామని, స్కాను తిరగబడిన మాట నిజమేనని రాశారు. రెండు వారాల్లో కొత్త స్కాను వచ్చింది, 16 స్పీడుతో, కుడి కుడివైపే. పాతదాన్ని తీసెయ్యకుండా పక్కన ఉంచి, తప్పు ఏమిటో కింద ఒక లైను రాశారు. ఆ పాత వీడియో చూసి ఇప్పటికే ఎవరైనా ఏమైనా రాసుంటే వాళ్ళకి పనికొస్తుంది, అది నాకు నచ్చింది. కానీ అదే డబ్బాలోంచి వచ్చిన మిగతా రీళ్ళ సంగతి అడిగితే వరుసలో ఉన్నాయన్నారు. అంటే చూసేవాళ్ళే పట్టుకోవాలి.

ఉచితంగా మొదలుపెట్టాలనుకునేవాళ్ళు ముందు అమెరికాలోని జేకబ్స్ పిల్లో డాన్స్ ఫెస్టివల్ వాళ్ళు ఆన్‌లైన్లో పెట్టిన చిన్న వీడియోలు చూడండి, ముక్కలే గానీ ఎవరిది, ఏ ఏడాదిది అన్నది స్పష్టంగా ఉంటుంది, కొన్నిటికి వ్యాసాలు కూడా ఉన్నాయి. న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ డాన్స్ విభాగం 1944 నుంచి ఉంది, దాని కేటలాగ్ వివరాలు చదివినా చాలా నేర్చుకోవచ్చు, హక్కుల గొడవల వల్ల చాలా టేపులు అక్కడికి వెళ్ళి చూడాల్సిందే అయినా సరే.

నేను రివ్యూ రాస్తున్న ఈ ఆర్కైవ్ ఎవరికి పనికొస్తుందంటే, స్కోరు చదవడం వచ్చినవాళ్ళకీ, ఒక్క ఫిల్ము మీద వారాలు కూర్చునే ఓపికున్నవాళ్ళకీ. రేపే వ్యాసం ఇచ్చెయ్యాలి అనే టెన్షన్‌లో ఉన్నవాళ్ళు తీసుకోకండి. తీసుకుంటే మాత్రం మూగ ఫిల్ము తెరవగానే డాన్సర్ కన్నా ముందు వెనకున్న బోర్డుల మీద అక్షరాలు, వాద్యం పట్టుకున్న చేతులు, కోటు గుండీలు చూడండి. నేను నిన్న ఇంకోటి తెరిచాను, అదే డబ్బాలోది. వెనక బోర్డు మీద అక్షరాలు తిరగబడి ఉన్నాయి, మళ్ళీ మెయిల్ పెట్టాను.