స్పితి చలిలో కెమెరా: కాజా హోటల్ ముంచింది, కిబ్బర్ ఇల్లు కాపాడింది

మంచు చిరుత ఫొటోల కోసం ఫిబ్రవరిలో హిమాచల్ ప్రదేశ్‌లోని స్పితి లోయకు వెళ్లాలనుకునేవాళ్లు ఏ లెన్స్ తీసుకెళ్లాలన్న చర్చ తర్వాత పెట్టుకోండి. రాత్రిళ్లు ఎక్కడ పడుకుంటారో ముందు తేల్చుకోండి. అక్కడి ముఖ్య పట్టణం కాజాలో హోటల్‌కు డబ్బు కట్టి మోసపోయాం, కిబ్బర్ అనే ఊళ్లో ఒక ఇంట్లో బంధువుల్లా బతికాం. రెండూ చూశాకే ఈ మాట అంటున్నాను.

చలికాలంలో కుంజుం కనుమ మూసేస్తారు కాబట్టి మనాలి వైపు నుంచి దారి ఉండదు. నేనూ, మా తమ్ముడూ, మా బావా చండీగఢ్‌లో దిగి సిమ్లా, కల్పా, నాకో మీదుగా బొలెరోలో వెళ్లాం. డీజిల్‌తో కలిపి రోజుకు 4,500. దారిలో ఏ ఇబ్బందీ లేదు.

కాజా హోటల్‌వాళ్లు ఫోన్‌లో "జనరేటర్ ఉంది, హీటర్ ఉంది, ఇరవై నాలుగ్గంటలూ కరెంటు" అని చెప్పి, రాత్రికి 3,800 చొప్పున రెండు రాత్రుల డబ్బు ముందే వేయించుకున్నారు. తీరా వెళ్తే కరెంటు లేదు. జనరేటర్‌లో డీజిల్ గడ్డకట్టిందట, పొద్దున చూద్దామన్నారు. అక్కడ డీజిల్ గడ్డకట్టడం వింతేమీ కాదు. మా డ్రైవర్ తెల్లవారుజామునే బండి కింద దూరి, బ్లో టార్చ్‌తో ట్యాంకు వేడిచేస్తేగానీ ఇంజిన్ కదల్లేదు. కానీ ఆ చలి ఏటా వచ్చేదే కదా! దానికి సిద్ధంగా లేనప్పుడు కరెంటు పేరు చెప్పి డబ్బు ఎందుకు తీసుకోవాలి? గ్యాస్ హీటర్ కావాలంటే రాత్రికి ఇంకో 500 అన్నారు. ఇన్వర్టర్ మీద బ్యాటరీ ఛార్జింగ్‌కు ఒక్కోదానికి 100.

డబ్బు సంగతి అలా ఉంచితే, అసలు దెబ్బ కెమెరాకు తగిలింది. కెమెరా బ్యాగును చల్లటి వరండాలోనే ఉంచండి, కదపొద్దు అని కౌంటర్‌లో గట్టిగా చెప్పాం. మేం గదిలో బట్టలు మార్చుకుని వచ్చేసరికి బ్యాగు డైనింగ్ హాల్లో ఉంది. జిప్ తీసి, తందూర్ పక్కనే పెట్టేశారు. అక్కడ గది మధ్యలో ఉండే ఇనప పొయ్యిని తందూర్ అంటారు. దాని మీద తుక్పా, అంటే నూడుల్స్ సూప్, కుతకుతా ఉడుకుతోంది, గదంతా ఆవిరి. మైనస్ 20లో ఉన్న గాజుకు ఆ తేమ గాలి తగిలితే ఏమవుతుంది? కెమెరా ఒంటినిండా నీటిబొట్లు, లెన్స్ లోపలి గాజు మీద తెల్లటి పొర. "గుడ్డతో తుడుచుకోండి" అన్నాడు ఓనర్. లోపలి గాజును ఏ గుడ్డతో తుడుస్తాం?

ఒకసారి తడిసిందంటే పూర్తిగా ఆరేదాకా వెచ్చగానే ఉంచాలి. అందుకని తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు వేసి గదిలో పెట్టుకున్నాం. రాత్రి పదికల్లా గ్యాస్ అయిపోయింది, ఇంకో సిలిండర్ లేదన్నారు. పొద్దున్నకి జూమ్ రింగ్ బిగుసుకుపోయింది. ఆ 150-600 ఎం.ఎం. జూమ్ లెన్స్ హైదరాబాద్‌లో రోజుకు 1,200కి అద్దెకు తెచ్చింది, 30,000 డిపాజిట్. మా తమ్ముడు టెన్షన్‌తో మధ్యాహ్నం దాకా ఎవరితోనూ మాట్లాడలేదు. కీ గోంపా అనే బౌద్ధ మఠం మీద పడిన ఉదయపు వెలుగు అలా చేజారిపోయింది. రెండో రాత్రి ఉండకుండానే ఖాళీ చేశాం. ఆ 3,800 వెనక్కి ఇవ్వలేదు.

అక్కడి నుంచి కిబ్బర్ వెళ్లాం. ఆ ఊరు దాదాపు 4,200 మీటర్ల ఎత్తులో ఉంటుంది. మనిషికి రోజుకు 2,000, మూడు పూటలా భోజనంతో. బయట నీళ్లు వాడని ఎండు మరుగుదొడ్డి, స్నానానికి బకెట్ వేడినీళ్లు. గడప దాటకముందే ఆ ఇంటి పెద్దావిడ మా తమ్ముడి చేతిలోంచి బ్యాగు అందుకుని, గడ్డి దాచే చల్లటి కొట్టులో పెట్టింది. "కెమెరా బాహర్, బ్యాటరీ అందర్" అంది, అంటే కెమెరా బయట, బ్యాటరీ లోపల. ఎన్నేళ్ల నుంచి ఫొటోగ్రాఫర్లకు అన్నం పెడుతోందో గానీ, కెమెరాల సంగతి ఆ హోటల్ మొత్తం కన్నా ఆవిడకే బాగా తెలుసు. తలనొప్పితో అందరినీ కసురుతున్న మా బావ, ఆవిడ ఇచ్చిన ఛర్మా (సీబక్‌థార్న్) పండ్ల టీ రెండు గ్లాసులు తాగి మళ్లీ మనిషయ్యాడు.

కిబ్బర్‌కీ, పక్క ఊరు చిచంకీ మధ్య లోతైన లోయ ఉంది. 2017లో ప్రారంభించిన చిచం వంతెన దాని మీదే. ఆ అంచునే మా స్పాటర్, అంటే జంతువుల్ని వెతికి చూపించడానికి రోజుకు 2,500 తీసుకున్న కుర్రాడు, ఎదురు కొండ మీద చిరుతను చూపించాడు. రాయికీ దానికీ తేడా తెలియడానికి నాకు చాలాసేపు పట్టింది. అది తోక ఎత్తి కదిలేసరికి తమ్ముడి బ్యాటరీ 60 శాతం నుంచి ఒక్కసారిగా ఎర్రగీతకు పడిపోయింది. చలికి బ్యాటరీ లోపల రసాయన చర్య మందగించి వోల్టేజీ పడిపోతుంది, కెమెరా దాన్ని ఖాళీ అనుకుంటుంది. పారేయాల్సిన పనిలేదు. తీసి లోపలి థర్మల్ బట్టల జేబులో, ఒంటికి ఆనేలా పెట్టుకున్నాడు, అక్కడ వెచ్చగా ఉన్నది కెమెరాలో వేశాడు. ఇరవై నిమిషాల తర్వాత మొదటిది 40 శాతం చూపించింది. అలా రెండు బ్యాటరీలూ మార్చి మార్చి వాడుతూ, చిరుత గట్టు దాటేదాకా తీశాడు. ఆ ఫొటోలు చూసి బావ కూడా తమ్ముణ్ని గట్టిగా కావలించుకున్నాడు.

మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరా అయితే నాలుగు బ్యాటరీలైనా ఉండాలి, విమానంలో అవి చేతి సామానులోనే పెట్టుకోవాలి. గడ్డకట్టిన బ్యాటరీని నేరుగా ఛార్జర్‌కు పెట్టకండి, సున్నా డిగ్రీల కింద ఛార్జ్ చేస్తే శాశ్వతంగా పాడవుతుంది. కన్ను ఆనించి చూసే వ్యూఫైండర్ దగ్గర ఊపిరి ముక్కుతో కాస్త పక్కకు వదలండి, లేకపోతే అద్దం మీద మంచు కడుతుంది. ట్రైపాడ్ కాళ్లకు ఫోమ్ చుట్టండి, వట్టి చేత్తో ఆ లోహాన్ని పట్టుకోలేరు. కెమెరాలోని లైట్ మీటర్ వల్ల మంచు ఫొటోలో బూడిద రంగుగా వస్తుంది, ఎక్స్‌పోజర్ (లోపలికి వెళ్లే వెలుగు) ఒక స్టాప్, అంటే రెట్టింపు, పెంచుకోండి. కెమెరాను లోపలికి తేవాల్సి వస్తే బయటే జిప్ కవర్లో పెట్టి, గాలి తీసేసి, మూసి తీసుకురండి. గది వేడికి వచ్చేదాకా తెరవొద్దు.

ఒళ్లు ఎత్తుకు అలవాటు పడాలి కాబట్టి కాజాలో ఒకటి రెండు రాత్రులు ఆగాల్సిందే. అక్కడ కూడా హోటల్ వద్దు, తందూర్ ఉన్న ఇల్లు చూసుకోండి. కరెంటు పోతే ఏం చేస్తారని ఫోన్‌లోనే అడగండి, ఒక్క రాత్రికి మించి అడ్వాన్స్ వేయకండి. మా లెన్స్ సర్వీసింగ్‌కు అద్దె షాపువాళ్లు డిపాజిట్‌లోంచి 1,500 పట్టుకున్నారు. రసీదు ఫొటో తీసి హోటల్‌కు పంపాను. చూసినట్టు రెండు నీలం టిక్కులు పడ్డాయి, జవాబు మాత్రం రాలేదు.