ఢిల్లీ పనుల మధ్య ఆంధ్రా భవన్ భోజనం

పార్టీ పని మీద ఢిల్లీ వెళ్లే తెలుగువారికి ఆ ఊళ్లో తప్పనిది ఎదురుచూపు. అధిష్ఠానం పిలుపు కోసం, మంత్రిగారి పేషీలో అపాయింట్‌మెంట్ కోసం, ఎన్నికల ఏడాదిలోనైతే అభ్యర్థుల జాబితా కోసం రోజుల తరబడి కాచుకుని కూర్చోవలసి వస్తుంది. ఇంతా చేసి భోజనానికి దొరికే వ్యవధి గంటకు మించదు, అది ఏ వేళకు దొరుకుతుందో ముందుగా తెలియదు. అలాంటి మనిషికి ఎంతవరకు పనికివస్తుందన్న ఒక్క కొలమానంతోనే అశోకా రోడ్డులోని ఆంధ్రా భవన్ క్యాంటీన్‌ను ఇక్కడ సమీక్షిస్తున్నాను. ఆగ్రా చూసి వస్తూ కుటుంబంతో ఒక పూట ఆగేవారి లెక్క వేరు.

స్థలం విషయంలో దీనికి సాటి వచ్చే తెలుగు భోజనశాల ఆ నగరంలో నాకు కనబడలేదు. ఇండియా గేట్‌కు దగ్గరగా, ఒకప్పుడు నిజాం కట్టించుకున్నదీ, ఇప్పుడు విదేశీ అతిథులతో ప్రధాని సమావేశాలు జరిగేదీ అయిన హైదరాబాద్ హౌస్ పక్కనే ఇది ఉంటుంది. పార్లమెంటుకు గానీ, ధర్నాలు జరిగే జంతర్ మంతర్‌కు గానీ, 2018లో దీన్‌దయాళ్ ఉపాధ్యాయ మార్గ్‌కు మారిన బీజేపీ కార్యాలయానికి గానీ, 2025 జనవరిలో కోట్లా రోడ్డుకు తరలిన కాంగ్రెస్ కార్యాలయానికి గానీ ఇక్కడి నుంచి ఆటోలో వెళ్లడం పెద్ద దూరం కాదు. తింటూ ఉండగా నాయకుడు ఫోన్ చేసి రమ్మంటే, ఏ పార్టీ కార్యకర్త అయినా పెరుగన్నం ముగించి చేయి కడుక్కునే బయలుదేరవచ్చు.

రాష్ట్రం 2014లో విడిపోయినా, దాదాపు 20 ఎకరాల ఈ ఉమ్మడి ఆస్తి పంపకం తేలడానికి 2024 దాకా పట్టింది. జనాభా ప్రాతిపదికన 58:42 నిష్పత్తిలో పంచుకున్నప్పుడు శబరి బ్లాకు తెలంగాణకు, గోదావరి, స్వర్ణముఖి బ్లాకులు ఆంధ్రప్రదేశ్‌కు దక్కాయి. ఆ వాదోపవాదాలు సాగినన్నాళ్లూ రెండు రాష్ట్రాల కార్యకర్తలు ఈ క్యాంటీన్‌లో ఎదురెదురుగా కూర్చుని ఒకే పప్పు వడ్డించుకున్నారు. సివిల్స్ శిక్షణ కోసం వచ్చిన విద్యార్థులూ, తెలుగు ఒక్క ముక్క రాని ఢిల్లీ ఉద్యోగులూ వారి పక్కనే ఉంటారు. వరుసలో నిలబడినవారిలో తెలుగువారే తక్కువగా కనబడే రోజులు కూడా ఉంటాయి.

పద్ధతి సులువుగానే ఉంటుంది. కౌంటర్ దగ్గర ముందే డబ్బు కట్టి టోకెన్ తీసుకోవాలి, పిలిచినప్పుడు లోపలికి వెళ్లి ఖాళీ అయిన కుర్చీలో కూర్చోవాలి, పక్కన ఎవరున్నారన్న పట్టింపు పెట్టుకోకూడదు. ప్రతి గుమ్మం దగ్గరా ఎవరో ఒకరి సిఫారసు అవసరమయ్యే ఊళ్లో, వరుసలో తన వంతు రాగానే పని జరిగిపోయే చోటు దొరకడం సామాన్య కార్యకర్తకు చిన్న ఊరట కాదు.

ఇక భోజనం సంగతి. స్టీలు కంచంలో పూరీలతో మొదలై, ఆ రోజు వండిన కూర, వేపుడు, పప్పు, సాంబారు, చారు, పెరుగు, అప్పడం, ఏదో ఒక తీపి వస్తాయి. అన్నం, పప్పు, కూరలు అడిగినన్ని సార్లు వడ్డిస్తారు. వడ్డించేవారు బకెట్లు పట్టుకుని బల్లల మధ్య తిరుగుతూనే ఉంటారు కాబట్టి గొంతెత్తి పిలవవలసిన అవసరం అరుదుగానే వస్తుంది. బల్ల మీదనే పొడి, పచ్చడి ఉంటాయి. పొరుగు రాష్ట్రాలవారు సాధారణంగా పూరీల మీద ఆగిపోతారు గానీ, నా దృష్టిలో ఈ భోజనం అసలు మొదలయ్యేది వేడి అన్నంలో కందిపొడి, నెయ్యి కలిపిన తొలి ముద్దతోనే. రైల్లో ఇచ్చిన పనీరు కూరా, పార్టీ కార్యాలయం ఎదుటి బండి మీద తిన్న ఛోలే భటూరే, దక్షిణాది భోజనమన్న బోర్డు చూసి వెళ్లిన చోట పోసిన తియ్యటి సాంబారూ కలిసి పాడుచేసిన నోరు ఆ ముద్దతో తిరిగి దారిలో పడుతుంది. తరువాత పప్పు. చింతపండు పులుపు తెలిసేలా, పచ్చిమిర్చి ఘాటు దాచకుండా చేసిన పప్పులో గోంగూర పచ్చడి కాస్త నంజుకుంటే మిగిలిన కూరల వైపు చూడాలనిపించదు. చివరిలో పెరుగన్నం, ఊరగాయ ఉండనే ఉన్నాయి.

ఇక్కడొక హెచ్చరిక చేయక తప్పదు. అన్నానికి పరిమితి లేదు గనుక, మధ్యాహ్నం మూడింటికి మంత్రిని కలిసి వినతిపత్రం ఇవ్వవలసినవారు ఆ పరిమితి తామే పెట్టుకోవాలి. ఢిల్లీ ఎండాకాలంలో మూడోసారి పప్పన్నం కలుపుకుని లేచిన మనిషికి సందర్శకుల గదిలోని ఏసీ గాలి తగిలితే ఏమవుతుందో వేరుగా చెప్పనక్కరలేదు.

మాంసాహారం కావాలంటే కోడి వేపుడు, మటన్ వేపుడు, చేపల వంటివాటికి విడిగా డబ్బు కట్టి తెప్పించుకోవాలి. ఆదివారం బిర్యానీకి నగరమంతటా పేరుంది, ఆ రోజు వచ్చే జనం కూడా ఆ పేరుకు తగ్గట్టే ఉంటారు. సొంత కారులో, తీరుబడిగా, కుటుంబంతో వచ్చేవారికి అది వేడుక కావచ్చు. సోమవారం ఉదయం పార్లమెంటు సమావేశాలు మొదలవుతాయనగా ఆదివారమే దిగిన కార్యకర్తకు మాత్రం పనిదినాల్లో దొరికే సాదా భోజనమే మేలని నా అభిప్రాయం.

ఈ చోటు దేనికి పనికిరాదో కూడా చెప్పాలి. రాజకీయం మాట్లాడుకోవడానికి ఇది చోటు కాదు. తినడం ముగిసిన మరుక్షణం ఆ కుర్చీ కోసం మరొకరు వెనుక నిలబడి ఉంటారు. పైగా ఎదుటి కుర్చీలోని వ్యక్తి ప్రత్యర్థి పార్టీ మనిషో, విలేకరో అయ్యే అవకాశం మన ఊరి టీకొట్లో కంటే ఇక్కడే ఎక్కువ. టికెట్ల బేరసారాలు, వర్గాల లెక్కలు ఏ హోటల్ లాబీలోనో కాఫీ మీద తేల్చుకుని, ఇక్కడికి ఆకలితో మాత్రమే రావాలి. పెద్ద బృందాలకూ ఇది సరిపడదు. 2019 ఫిబ్రవరి 11న ప్రత్యేక హోదా కోసం చంద్రబాబు నాయుడు ఇదే భవన్ ప్రాంగణంలో ఒక రోజు దీక్ష చేసినప్పుడు రాష్ట్రం నుంచి ప్రత్యేక రైళ్లలో జనం తరలివచ్చారు. అటువంటి సందర్భాల్లో నిర్వాహకులు వంటవాళ్లను విడిగా పెట్టుకోవడమే దారి, అందరినీ క్యాంటీన్ వరుసలో నిలబెడితే సభ ముగిసేవరకూ సగం మందికి టోకెన్ అందదు.

ప్రత్యామ్నాయాల్లో పార్లమెంటు క్యాంటీన్ గురించి కార్యకర్తలు ఆశగా అడుగుతుంటారు గానీ, పాస్ లేనిదే లోపలికి ప్రవేశం ఉండదు, 2021లో రాయితీ ఎత్తివేశాక పాతకాలపు కారుచౌక ధరలూ పోయాయి. జంతర్ మంతర్‌లో ధర్నా ఉన్న రోజున మాత్రం నేను ఆంధ్రా భవన్ వైపు వెళ్లను. అక్కడికి అడుగుల దూరంలో కేరళ హౌస్ క్యాంటీన్ ఉంది, చేపల పులుసుతో అన్నం తిని మళ్లీ శిబిరంలో కూర్చోవచ్చు. మన కారం అలవాటున్నవారికి అది కొంత చప్పగా అనిపించవచ్చు గనుక, సంచిలో ఒక చిన్న సీసా ఆవకాయ పెట్టుకుని వెళ్లడం మంచిది.

ఆంధ్రా భవన్‌లో మధ్యాహ్న భోజనం పన్నెండు గంటల ప్రాంతంలో మొదలవుతుంది. ఒంటిగంట దాటితే కార్యాలయాల జనం వచ్చి పడతారు. పని ఉదయమే ముగిసినా, ఉదయమే వాయిదా పడినా, పన్నెండింటికల్లా టోకెన్ చేతిలో ఉండేలా చూసుకోండి.