గాలమా, బ్లీచింగా?

నాగావళిలో మేం గాలం వేస్తాం. వానపామును ఎరగా గుచ్చి, బెండు మునిగేదాకా గంటల తరబడి గట్టున కూర్చోవాలి. పడింది పిల్లచేపైతే నోట్లోంచి కొక్కెం మెల్లగా తీసి వదిలేస్తాం.

చేపల కోసం నీళ్ళలో బ్లీచింగ్ పౌడరు చల్లేవాళ్ళకి ఆ ఓపిక అక్కర్లేదు. తెల్లారేసరికి మడుగంతా వేలెడేసి చేపపిల్లలు తెల్లటి పొట్టలు పైకి పెట్టి తేలుతుంటాయి. పశువులు తాగేదీ ఆ నీళ్ళే! విషం కలిపి చేపల్ని చంపడం 1897 నాటి మత్స్య చట్టం నుంచే నేరం.

గాలమే మేలని నా నమ్మకం. రేవులో బట్టలుతికే ఆవిడకి మాత్రం ఇద్దరమూ ఒకటే. "ఏరంతా పాడుచేసేది మీరే కదా బాబూ" అంది. నాకు మాట పెగల్లేదు. చల్లిందెవరో తెలిసీ మేం నోరు మెదపలేదు మరి. ఈసారి డబ్బాతో ఎవరు దిగినా రేవులోనే ఆపుతాం, పంచాయతీలోనూ చెబుతాం.