నీటి చక్రమా, ఆవిరి యంత్రమా?

ఇంగ్లండ్ పారిశ్రామిక విప్లవం అనగానే మనకు ఆవిరి యంత్రమే గుర్తొస్తుంది. కానీ తొలి నూలు మిల్లులను తిప్పింది నీరు. 1771లో ఆర్క్‌రైట్ అనే మిల్లు యజమాని క్రామ్‌ఫర్డ్ అనే ఊళ్లో మొదలుపెట్టిన మిల్లు అలాంటిదే. నీటికి బొగ్గు ఖర్చు లేదు. కాకపోతే మిల్లు ఏటి పక్కనే ఉండాలి, ఏరు తగ్గితే పని ఆగుతుంది. అక్కడ కూలీలు చాలక ఆయన ఇళ్లు కట్టించి మరీ కుటుంబాలను రప్పించుకున్నాడు.

జేమ్స్ వాట్ 1780లలో చక్రాలు తిప్పే ఇంజిన్ తెచ్చాక కూడా చాలాచోట్ల నీరే చవక. అయినా యజమానులు క్రమంగా ఆవిరివైపు మళ్లారు. మాంచెస్టర్‌లో బొగ్గు దగ్గరే, కూలీలకూ కొదవ లేదు. ఒకరు మానేస్తే మరొకరు సిద్ధం. ఆవిరిని గెలిపించింది ఇంజిన్ బలం కన్నా ఇదేనని నా నమ్మకం. రెండు రకాల మిల్లుల్లోనూ పసిపిల్లలు పనిచేశారన్నది తలచుకుంటే మాత్రం మనసు కలుక్కుమంటుంది.