31,000 కిలోమీటర్ల తర్వాత నా స్పోర్ట్ బైకు: అందం సంగతి, ఏబీఎస్ సంగతి

బండి పేరు, కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు. కింద ఒక షోరూం సర్వీసు మీద కోపంగా నాలుగు మాటలున్నాయి, అది ఆ ఒక్క చోటి తప్పు, మొత్తం కంపెనీకి అంటగట్టడం నాకిష్టం లేదు. ఫుల్ ఫెయిరింగ్ (ఇంజిన్ చుట్టూ ఉండే తొడుగు), కిందికి ఉండే క్లిప్-ఆన్ హ్యాండిళ్లు, రెండు చక్రాలకీ ఏబీఎస్ (గట్టిగా బ్రేకు పట్టినా చక్రం తిరగడం ఆగిపోయి, అంటే లాక్ అయి, జారకుండా చూసేది), ట్రాక్షన్ కంట్రోల్ ఉన్న బండి. 2022 మార్చిలో కొన్నాను. మైలేజీ, టాప్ స్పీడ్ గురించి యూట్యూబ్‌లో బోలెడన్ని వీడియోలున్నాయి కాబట్టి వాటి జోలికి పోను.

దీన్ని నేను అందం చూసే కొన్నాను. షోరూంలో పక్క నుంచి చూస్తే తల కిందికి వంచి, తోక పైకెత్తి, బరిలోకి దిగిన పుంజులా కనిపించింది, అంతే, ఇంకో బండి చూడలేదు. సేల్స్ కుర్రాడు ఏబీఎస్, ట్రాక్షన్ అంటూ ఏదో చెబుతూనే ఉన్నాడు, నా చెవికెక్కలేదు. ఇంట్లో నాన్న అయితే "ముప్ఫై ఏళ్లు డ్రమ్ము బ్రేకుల బండి తోలాను రా, మనిషికి ఒళ్లు దగ్గరుంటే చాలు, ఇవన్నీ ఎందుకు" అన్నారు. ఎందుకని అడగడానికి మనకి చాయిస్ కూడా లేదు, 125 సీసీ దాటిన బళ్లన్నిటికీ 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ తప్పనిసరి. అప్పట్లో నేనూ నాన్న మాటే కరెక్టనుకున్నాను.

2023 డిసెంబర్‌లో ఒక రాత్రితో ఆ అభిప్రాయం పోయింది.

కాకినాడలో ఆఫీసు నుంచి రాజమండ్రి వస్తున్నాను, కెనాల్ రోడ్డు మీద, బిక్కవోలు దాటాక. ఏడున్నర అయి ఉంటుంది. కోతల సీజన్‌లో ఆ రోడ్డు ఎలా ఉంటుందో మా వైపు వాళ్లకి చెప్పక్కర్లేదు, సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఉంటుంది, చీకటి పడగానే మంచుకి తడవకుండా బరకాలు కప్పి చుట్టూ రాళ్లు పెడతారు. ఎదురుగా లారీ ఫుల్ లైట్లతో వస్తోంది. నేను అరవై, అరవై ఐదులో ఉన్నాను. లారీ లైటు కళ్లలోంచి పోయాక చూస్తే ముందే నల్లటి బరకం, దాని అంచున ఇంత పెద్ద రాయి. కుడికి తిప్పడానికి లేదు, లారీ వెనక ఇంకో కారు ఉంది. ఎడమ పక్క కాలవ.

రెండు బ్రేకులూ పట్టేశాను. అప్పటికే చక్రాలు బరకం ఇవతల చెల్లాచెదురుగా పడి ఉన్న గింజల మీద ఉన్నాయి. ధాన్యం గింజల మీద బ్రేకు పట్టడమంటే గోలీల మీద కాలు పెట్టడమే, ముందు చక్రం ఒక్కసారి లాక్ అయితే మనిషి కింద పడ్డాకే ఏం జరిగిందో తెలుస్తుంది. వేళ్ల కింద బ్రేకు లీవరు గడగడా కొట్టుకుంది, వెనక పెడల్ కూడా అంతే. హ్యాండిల్ అటూ ఇటూ ఊగింది. బండి మాత్రం గీత గీసినట్టు తిన్నగా వెళ్లి, రాయికి జానెడు దూరంలో, ముందు చక్రం ధాన్యంలో దిగబడి ఆగింది. కాలు కింద పెట్టేటప్పటికి మోకాళ్లు వణుకుతున్నాయి.

ధాన్యానికి కాపలా పడుకున్న పెద్దాయన టార్చిలైటు వేసుకుని పరిగెత్తుకొచ్చాడు.

"దెబ్బ తగల్లేదు కదా బాబూ?"

"లేదండి."

"ఈ వారంలో నువ్వు మూడోవాడివి. ముందు వచ్చిన ఇద్దరూ పడిపోయారయ్యా."

ఆయన మీద అరుద్దామని నోటిదాకా వచ్చింది, కానీ ఏమని అరుస్తాం, తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో తీసుకోరు, ఆరబోసుకోవడానికి ఆయనకి రోడ్డు తప్ప వేరే చోటు లేదు. ఇద్దరం కలిసి చక్రం కింద చెదిరిన ధాన్యం కుప్పకి ఎగదోశాం. ఆ తర్వాత పదిహేను నిమిషాలు అక్కడే కూర్చున్నాను.

ఈ సంగతి అయ్యాక దాదాపు ఏడాది పాటు కనిపించిన ప్రతివాడికీ ఏబీఎస్ దేవుడని చెప్పాను. ఇప్పుడు కొంచెం తగ్గించి చెబుతాను. మర్నాడు పగలు అక్కడ ఆగి గుర్తులు చూశాను, బ్రేకు పట్టిన చోటి నుంచి ఆగిన చోటికి నా అడుగులతో ముప్ఫై పైనే. గింజలు, ఇసుక, కంకర లాంటి వాటి మీద ఏబీఎస్ చక్రాన్ని లాక్ కానివ్వదు, కానీ బండి ఆగే దూరం పెరుగుతుంది. రాయి ఇంకో మూడడుగులు ఇవతల ఉంటే ఈ సమీక్ష వేరేగా ఉండేది. పైగా నేను తిన్నగా వెళ్తున్నాను. మలుపులో వంగి ఉండగా ఇలా అయితే నా బండి ఏబీఎస్‌కి బండి వంగిందన్న సంగతే తెలియదు, అది చక్రాల వేగం మాత్రమే చూస్తుంది. వంపు కొలిచే సెన్సరుతో పనిచేసే కార్నరింగ్ ఏబీఎస్ వేరు, 2022 కేటీఎం ఆర్‌సీ 390 లాంటి వాటికి ఉంటుంది. అందుకే మారేడుమిల్లి ఘాట్‌లో ఈ బండితో మలుపుకి ముందే బ్రేకు పని ముగించేస్తాను.

ఇంకోటి, ఇది ఒప్పుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది. ఆ రాత్రి నన్ను అంతవరకు తీసుకెళ్లింది నేను ముచ్చటపడిన ఆ అందమే. సన్నటి కళ్లలాంటి ఎల్ఈడీ హెడ్‌లైట్లు చూడ్డానికి ఎంత బాగుంటాయో, రోడ్డు ఎడమ అంచున అంత తక్కువ వెలుగు పడుతుంది, రాళ్లు ఉండేది అక్కడే. క్లిప్-ఆన్ హ్యాండిళ్ల వల్ల గట్టిగా బ్రేకు పట్టగానే ఒంటి బరువంతా మణికట్ల మీదికి వచ్చేసింది, చేతులు బిగుసుకుపోయాయి. నాన్న స్కూటరు మీదైతే హ్యాండిల్ అంత ఊగేది కాదేమో. నిలబెట్టింది మాత్రం లోపల ఎక్కడో ఉన్న ఆ ఏబీఎస్ డబ్బా.

ట్రాక్షన్ కంట్రోల్ గురించి తక్కువే చెబుతాను. వెనక చక్రం ముందుదాని కంటే వేగంగా తిరుగుతోందని తెలియగానే ఇంజిన్ పవర్ తగ్గిస్తుంది. నాట్ల రోజుల్లో దమ్ము చక్రాల ట్రాక్టర్లు రోడ్డంతా బురద చేసి పోతాయి కదా, దాని మీద చినుకులు పడితే మీటర్లో పసుపు లైటు టపటపా కొట్టుకుంటుంది, వెనక చక్రం జారకుండా దాటేస్తాం. కానీ గోదావరి ఒడ్డున ఇసుకలో ఒకసారి దిగబడితే ఇదే అడ్డం పడింది, చక్రం తిరగబోతుంటే పవర్ కోసేస్తోంది. ఆఫ్ చేశాకే బయటికి వచ్చింది.

ఇక ఆ సర్వీసు సంగతి. 2024 ఆగస్టులో వెనక టైరు మార్పించాక ఏబీఎస్ లైటు ఆరడం మానేసింది, ట్రాక్షన్ కూడా దాంతోపాటే పోయింది, రెండూ ఒకే సెన్సర్ల మీద నడుస్తాయి మరి. షోరూం వాళ్లు చక్రం విప్పనైనా విప్పకుండా మొత్తం ఏబీఎస్ యూనిట్ మార్చాలి, ముప్ఫై వేల పైన అవుతుందన్నారు. నాలుగు రోజులు నిద్ర పట్టలేదు. చివరికి మా వీధి చివర మెకానిక్ చూస్తే టైరు విప్పేటప్పుడు చక్రం వేగం కొలిచే సెన్సరు రింగు కొంచెం వంగింది, అంతే. కొత్త రింగు, కూలీ కలిపి 1,400. టైరు మార్పించేటప్పుడు దగ్గరుండి ఆ రింగు జాగ్రత్త అని చెప్పండి. రింగు మార్చేదాకా పన్నెండు రోజులు ఏబీఎస్ లేకుండా తిరిగితే తెలిసింది, నా బ్రేకు అలవాటు ఎంత మొరటుగా తయారైందో. ఇప్పుడు ఆదివారం పొద్దున ఖాళీ రోడ్డు మీద మెల్లిమెల్లిగా బ్రేకు పిండడం మళ్లీ ప్రాక్టీసు చేస్తున్నాను.

కొనొచ్చా అంటే, నా లెక్క నాది. నాకు ముప్ఫై మూడు, నడుం నొప్పి లేదు, వారానికి రెండు మూడు సార్లు ఒంటరిగా వెళ్లొస్తాను. మా ఆవిడ వెనక సీటు మీద ఇరవై కిలోమీటర్లకి మించి కూర్చోలేదు, అమ్మ ఒకవైపు కాళ్లు వేసుకుని ఎక్కడమన్నది జరగని పని, గుడికి నాన్న స్కూటరే. మే నెలలో రాజమండ్రి ఎండలో ఫెయిరింగ్‌లోంచి వచ్చే వేడి తొడలు కాలుస్తుంది. ఇంట్లో ఇదొక్కటే బండి అయితే నేను కొనేవాణ్ని కాదు. మళ్లీ కొంటే మాత్రం, ఎంత అందంగా ఉన్నా, ముందు రాత్రిపూట హెడ్‌లైటు వేసి చూస్తాను, కార్నరింగ్ ఏబీఎస్ ఉందా అని అడుగుతాను.

కోతలు మళ్లీ మొదలయ్యాయి. చీకటి పడితే కెనాల్ రోడ్డు వదిలేసి, రాజమండ్రికే వచ్చే ఇంకో దారి, ఏడీబీ రోడ్డు పట్టుకుంటున్నాను.